మా యత్తగారి చెప్పులు

మా పలమనేరు సీమలో వంకకు నీరు వచ్చినదనగా ప్రతివారును చేయు మొదటి పని చెప్పులు విడిచి చేత బట్టుకొనుట. అంతవరకు మెత్తని మట్టిబాటమీద పాదములకు రక్షగా నున్న చెప్పులు, పాచిరాళ్ళును సీసాపెంకులును కనబడని ముళ్ళును గల నీటిలోనికి దిగునప్పటికి చేతికెక్కును. ఆవలి గట్టు చేరి, కాళ్ళు చీరకొంగుతో తుడుచుకొని, మరల వానిని తొడుగుకొందుము. చెప్పులు మనలను కాపాడుచున్నవా, మనము చెప్పులను కాపాడుచున్నామా యని నేనెన్నడును ఆలోచింపలేదు. మా యత్తగారి కాలిలో గాజుపెంకు దిగిన నాటివరకు మా యింట ఎవ్వరును ఆలోచింపలేదు.

మా పొలము కౌండిన్యలో కలియు నొక చిన్న వంకకు ఆవలిదరి నున్నది. కౌండిన్య నదియని పేరేకాని, ఏడాదిలో ఎక్కువ దినములు అందులో కనబడునది ఇసుకయే. సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల యెత్తున నుండుటచే మా యూరు చిత్తూరుకంటె చల్లన. వాన మాత్రము తనకు తోచినప్పుడు వచ్చును. 2021 నవంబరులో కురిసిన వానలకు ఈ కౌండిన్యయే ఒడ్డులు మీరి, దిగువనున్న గుడియాత్తమువారిని సైతము తల్లడిల్లజేసినది. అట్టి వరదలు ఎప్పుడో గాని రావు. మామూలు వానకాలమున మా వంకలో నీరు చీలమండకు మించదు. అయినను చీలమండలోతు నీరే కాళ్ళకు మిక్కిలి అపాయమని ఇప్పుడు చెప్పగలను. మోకాలిలోతైనచో మనుష్యుడు జాగ్రత్తపడి, కఱ్ఱ పుచ్చుకొని, అడుగు చూచి వేయును. చీలమండలోతును ఎవరు లెక్కచేయుదురు?

మా యత్తగారికి 67 ఏండ్లు. మధుమేహము వచ్చి 14 ఏండ్లు గడచినవి. దానిని ఆమె 'షుగరు' అని, అదేదో తరచుగ వచ్చిపోవు చుట్టమైనట్లు తేలికగా చెప్పుదురు. తెల్లవారుజామున లేచి రెండావుల పాలు పితికి కేంద్రమునకు పంపి, రాగి అంబలి త్రాగి, ఆవులను తోలుకొని వంక దాటి పోయి, పొద్దు వాలిన పిదప గడ్డిమోపుతో తిరిగి వచ్చుట ఆమె దినచర్య. వలదన్నను మానరు. మానిన దినమున ఒడలునొప్పులని పడుకొందురు. కావున మేమును వలదనుట మానితిమి.

మూడేండ్ల క్రిందట, కార్తికమాసపు సాయంకాలమొకటి. దీపము పెట్టబోవుచు వసారాలో నడచుచుండగా నా పాదమునకేదో జిగటగా తగిలినది. మా వసారాది ఎర్రగచ్చు. అందుచే అది నెత్తురని వెంటనే పోల్చుకొనలేకపోతిని. దీపము దగ్గరగా పట్టి చూడగా, వీధివాకిలినుండి వంటయింటివరకు ఒక కాలి మడమగుర్తు, అడుగడుగునకు ఒకటి చొప్పున, వరుసగా నుండెను. లోపల అత్తగారు పీటమీద కూర్చుండి నిమ్మళముగా చిక్కుడుకాయలు ఈనె తీయుచున్నారు.

"అత్తా, కాలికేమైంది?" అంటిని.

"ఏమైందే? ఏమీ కాలేదే!" అనిరి.

కాలెత్తి చూచితిని. మడమలో బొటనవ్రేలి గోరంత సీసాపెంకు, అంచు మాత్రము కనబడునట్లుగా, లోనికి దిగియున్నది. వంకయొద్ద త్రాగి పారవేసిన సీసాలకు లెక్కలేదు. వానిలో నేదియో యొకటి. అచ్చటినుండి మా యిల్లు మైలుదూరము. గడ్డిమోపు నెత్తిన బెట్టుకొని, ఆ పెంకును త్రొక్కుచు త్రొక్కుచు, ఆ మైలును ఆమె నడచి వచ్చిరి. చెప్పులు చేతిలోనే యున్నవట. వంక దాటిన పిదప తడికాళ్ళకు తొడుగుట ఎందుకని అట్లే వచ్చిరట.

ఆ రాత్రికి రాత్రి పెంకు తీయించి కట్టు కట్టించితిమి. పుండు మానుటకు పదునొకండు వారములు పట్టినది. ఆ నడుమ ఒకతూరి కాలు నల్లబడునేమోయని మేము పడిన భయము ఇక్కడ వ్రాయను. ఆ దినములలోనే యువకుడగు నొక వైద్యుడు అత్తగారి పాదములను పరీక్షించెను. అతని చేతిలో సన్నని నైలాను పోగొకటి యున్నది. పది గ్రాముల బరువు పడగానే వంగునట్లు దానిని తయారుచేయుదురట.

"కండ్లు మూసుకో అవ్వా. నేను తాకినప్పుడల్లా 'ఆ' అను" అని చెప్పి, అతడు ఆ పోగును బొటనవ్రేలి క్రిందను, చిటికెనవ్రేలి క్రిందను, అంగట, మడమను ఒక్కొక్కచోట అదిమెను. అత్తగారు మొదట రెండుసార్లు 'ఆ' యనిరి. పిదప ఊరకుండిరి. కొంతసేపటికి విసుగుతో, "ఎప్పుడు మొదలు పెడతావు నాయనా?" అని యడిగిరి. అప్పటికతడు పని ముగించి పోగును పెట్టెలో పెట్టుకొనుచున్నాడు. నేను ముఖము పక్కకు త్రిప్పుకొంటిని.

రక్తములో చక్కెర బహుకాలము ఎక్కువగా నున్నచో పాదములకు పోవు నరములు మెల్లగా చచ్చుబడును. ముల్లు గ్రుచ్చుకొన్నను, బూడిదక్రింద నిప్పు తగిలినను, చెప్పు ఒరసి బొబ్బ లేచినను ఆ పాదము ఇంటికి వర్తమానము పంపదు. అతడు చెప్పిన జాగ్రత్తలు కొన్నే. ఇంటిలోనైనను వట్టికాళ్ళ తిరుగరాదు. ప్రతి రాత్రియు అరికాళ్ళు చూచుకొనవలెను. వ్రేళ్ళసందులు తడిలేకుండ తుడువవలెను. వేడినీళ్ళు కాలితోగాక మోచేతితో చూడవలెను.

"వంక దాటునప్పుడో?" అని నేనడిగితిని.

"అప్పుడు మరీ ముఖ్యం" అనెను.

అతడు మొదట ఎం.సి.ఆర్. చెప్పులు వ్రాసి యిచ్చెను. ఈ పేరు మైక్రో సెల్యులర్ రబ్బరు అనుదానికి పొట్టి. దాని కథ మనకు దూరపుది గాదు. మొగిలి కనుమ దిగి, చిత్తూరు దాటి పోయినచో వచ్చు వేలూరిది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠరోగుల చేతులను కాళ్ళను ఏండ్ల తరబడి పరీక్షించెను. రోగముచేతనే వ్రేళ్ళు కుళ్ళి రాలునని లోకము నమ్మియుండగా, అది నిజము గాదనియు, స్పర్శ లేనందున తగిలిన గాయములను రోగి ఎరుగక వానిమీదనే నడచుచుండుటయే ముఖ్యకారణమనియు ఆయన చూపెను. వేలూరిలోను, దాని చెంతనున్న కరిగిరి కుష్ఠవైద్య కేంద్రములోను అట్టి పాదములకై మెత్తని చెప్పులు తయారుచేయసాగిరి. కాలికి తగులునది ఈ గుల్లరబ్బరు. చక్కగా ఉబ్బిన ఇడ్డెనలోవలె అందులో లెక్కలేనన్ని సన్నని గాలిగదులుండును. బరువు ఒక్కచోట నిలువక అరికాలంతయు పరచుకొనును. నేలకు తగులునది గట్టి రబ్బరు; ముల్లు దిగదు. మడమకు వెనుక పట్టీ యుండును. ఇనుపచీల ఒక్కటియు నుండరాదు. కుష్ఠరోగుల కొరకు పుట్టిన ఈ చెప్పే ఇప్పుడు మధుమేహరోగులకు దిక్కు.

ఆ చెప్పులు నేలకు అమృతమే. నీటికి మాత్రము నిలువలేదు. ఏలననగా పైనున్న పట్టీలు తోలువి. వంకనీటిలో నానుట, ఎండలో ఎండుట, ఆవుల కొట్టములో తడియుట, మరల ఎండుట. నెల తిరుగునప్పటికి పట్టీలు చెక్కవలె బిగుసుకొని అంచులు కాలిని కోయుచుండెను. తోలుమీద నాకేమియు కోపము లేదు. మా చుట్టుపట్లవారికి తోలువిద్య కొత్తయు గాదు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట మాకెంత దూరము? మన పొలముగట్లమీద పచ్చగా పూయు తంగేడు పట్టతోనే ఒకప్పుడు మద్రాసురాజధానిలో తోళ్ళు పదునుచేసి సీమకెగుమతి చేసిరి. ఆ పిదప క్రోమియపు మందులు వచ్చి పని త్వరపడినది; ఆ మురికి పాలారులో కలిసినది; ఆ వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయి 1996లో తీర్పైనది. అది వేఱు కథ. ఏ పదునుపెట్టిన తోలైనను నిత్యము నీట నానుటకు పుట్టలేదని మాత్రము మా యత్తగారి పట్టీలు నాకు బోధించినవి.

కావున నేలకును నీటికిని పనికివచ్చు చెప్పులకై అంగడులు తిరుగ మొదలిడితిని. అంగడివాడు మొదట నడిగిన ప్రశ్న: "ఏ రంగు చీరకమ్మా?"

చీరకు గాదు, కాలికి కావలెనంటిని. అతడు నవ్వెను గాని, చూపినవన్నియు చీరకు సరిపడునవే. సోదరీమణులారా, మీరు నెప్పుడైన చూచితిరో లేదో! పురుషుల వరుసలోని చెప్పులకు అడుగు మందము, పట్టీలు వెడల్పు, మడమకు కట్టు. స్త్రీల వరుసలో అడుగు అప్పడమంత. పైన పూసలు, అద్దములు, బంగారువన్నె గొలుసులు. పొలము దున్నునది పురుషుడే కావచ్చును. నాటువేసి, కలుపుతీసి, గడ్డికోసి, రోజంతయు బురదలో నిలుచునది ఎవరు? అంగడివాడు దీని నెరుగనివాడు గాడు. మనమడుగునదే అతడు తెచ్చును. మనము పెండ్లికి పోవునప్పుడు మాత్రమే చెప్పులడుగుదుము.

హవాయి చెప్పులు అందరికిని తెలిసినవే. చవుక, తేలిక, తడిసినను క్షణములో ఆరును. అయితే వ్రేలిసందున నున్న ఆ చిన్న బుడిపెమీదనే సమస్తమును వ్రేలాడుచున్నది. బురద పట్టి లాగినచో బుడిపె ఊడివచ్చును. నీటిలో చెప్పు ముందుకు, కాలు వెనుకకు పోవును. కాలివ్రేళ్ళు ఎప్పుడును దానిని గట్టిగా పట్టుకొనియుండవలెను. స్పర్శలేని వ్రేళ్ళు దేనిని పట్టుకొనును? మా యత్తగారు ఒకనాడు ఒంటిచెప్పుతో ఇల్లు చేరిరి. రెండవది ఎక్కడ జారినదో ఆమెకు తెలియదు.

మూతబూట్లవంటి ప్లాస్టిక్ చెప్పులు చూచితిని. నీరు లోనికి పోవుటకు దారి యున్నది, వెలికి వచ్చుటకు లేదు. చాకిరేవున నిలిచినవారి వ్రేళ్ళవలె కాలిచర్మము నాని ముడుతపడి, సందులు ఒరసి పుండ్లగును. 2002లో అమెరికాలో పడవలమీద తిరుగువారికని క్రాక్స్ అను పేర చిల్లులు గల నురుగుచెప్పులు వెలసినవి గదా. ఆ పోలికవి ఇప్పుడు మా సంతలోను దొరకును. పిల్లలు వేసికొని కప్పలవలె గంతులిడుచున్నారు. దూదివలె తేలిక, నీరు చిల్లులలోనుండి జారిపోవును. ఆశతో ఒక జత కొని తెచ్చి, పెరటికంపనుండి సర్కారుతుమ్మ ముల్లొకటి విరిచి, అడుగున బెట్టి బొటనవ్రేలితో నొక్కితిని. వెన్నలోనికి సూది దిగినట్లు దిగి, పైకి వచ్చినది. ఆ జత ఇప్పుడు స్నానపుగది వాకిట నున్నది. అచ్చట ముళ్ళు లేవు.

టైరుచెప్పుల సంగతి మా సీమవారికి చెప్పనక్కరలేదు. లారీటైరు కోసి చేసిన ఆ చెప్పులకు ఏ ముల్లును దిగదు, ఏ నీరును చెరుపదు. కాని అవి చక్రమునకు పుట్టినవి, కాలికి గాదు. గట్టిదనమునకు తోడు చీలలు. స్పర్శగల కాలికి చీల లేచినచో వెంటనే తెలియును. మా యత్తగారికి ఎవరు తెలుపుదురు?

ఇట్లుండగా బెంగుళూరినుండి వచ్చిన మా ఆడబిడ్డ కుమారుని కాళ్ళకు నేను వెదకుచున్న చెప్పు కనబడెను. అడుగున గాళ్ళు గాళ్ళుగా రబ్బరు. పైన మూడు నైలాను పట్టీలు, ఒకటి వ్రేళ్ళవెనుక, ఒకటి మీగాలిమీద, ఒకటి మడమచుట్టు. వ్రేలిసందున ఏమియు లేదు. దీని పుట్టుక వినదగినది. 1984లో అమెరికాలోని గ్రాండ్ కేన్యన్‌లో కొలరాడోనదిమీద జనులను తెప్పలలో త్రిప్పు మార్గదర్శి మార్క్ థాచర్ అనునతడు, నీటిలో చెప్పులు కొట్టుకొనిపోవుచుండుటచే విసిగి, హవాయివంటి చెప్పులకు చేతిగడియారముల వెల్క్రోపట్టీలు తగిలించెను. టేవా అను చెప్పు అట్లు పుట్టినది. ఇక ఆ అంటుడుపట్టీ కథ మనకింకను దగ్గరిది. పొలమునుండి వచ్చిన పిదప చీరకుచ్చెళ్ళకు అంటిన మరులమాతంగి కాయలను ఎన్నిసార్లు ఏరితిమో గదా! స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు జార్జి డి మెస్ట్రాల్, 1941లో వేటకు పోయి వచ్చి, తన కుక్క బొచ్చుకంటిన అట్టి కాయలనే సూక్ష్మదర్శినిలో చూచి, ఆ కొక్కెములను అనుకరించి 1955లో దానికి పేటెంటు పొందెను. మనమేమో ఏరి పారవేసితిమి.

మరునాడు పిల్లలతో కైగల్ జలపాతమునకు పోవలసి యుండగా ఆ చెప్పులను నేను తొడుగుకొని చూచితిని. పలమనేరునుండి కుప్పముపోవు బాటలో అడవిలోనికి తిరిగినచో కైగల్ వచ్చును. ఆ ప్రాంతమంతయు 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యమునకు చెందినది, ఏనుగుల త్రోవ. చుట్టుపట్ల పల్లెలవారు పంటకు కావలియుండు రాత్రులలో ఏనుగు వచ్చినదను కేకవినగానే పరుగెత్తవలసి వచ్చును. ఆ సమయమున కాలికి కట్టుగానుండు చెప్పు విలాసవస్తువు గాదు. జలపాతముక్రింద రాళ్ళమీద నేను ముందుగా వట్టికాళ్ళతోను, పిదప హవాయిలతోను, తుదకు ఆ పట్టీచెప్పులతోను అడుగులిడితిని. గులకరాళ్ళమీదను, ఇసుకలోను, పరుగునీటిలోను ఈ మూడవదానికి సాటిలేదు; నీరు ప్రక్కలనుండి పోయి, కాలు చెప్పు ఒక్కటై యుండెను. పచ్చపాచి పట్టిన నున్నని బండమీద మాత్రము మూడునూ ఒకటే. అట్టిచోట ఏ చెప్పును నమ్మక, కూర్చుండి జరుగుటయే మేలు. నాతో వచ్చినవారు నన్నుజూచి నవ్విరి. నేను పడలేదు, వారిలో నొకరు పడిరి.

ఆరోగ్యమైన పాదములు గలవారికి ఈ పట్టీచెప్పులు చాలును. ఇప్పుడు నేనవియే వాడుచున్నాను. వెల మాత్రము ఎక్కువ. కొనబోవువారు సాయంకాలము పోవలెను. పగలంతయు తిరిగిన కాలు కొంచెము పొంగియుండును గనుక అప్పటి కొలతయే నిజము. స్త్రీల వరుసలో ఇరుకైనచో సంకోచింపక మగపిల్లల వరుసలో చూడవలెను. చిన్ననాటినుండి వట్టికాళ్ళ నడచినవారి పాదము ముందువైపు విసనకఱ్ఱవలె వెడల్పగును. చెప్పును చేతితో వంచినచో వ్రేళ్ళమొదట వంగవలెను. నడిమధ్య మడతపడునది పనికిరాదు. పట్టీలోపలివైపు వ్రేలితో తడవి చూడవలెను. కుట్టు గరుకుగా తగిలినచో తడిసినపిదప అది రంపమగును.

మా యత్తగారి విషయమున చిక్కంతయు ఇచ్చటనే. అంగడిలో చెప్పులు తొడిగించి, "సుఖముగా నున్నదా అత్తా?" అని యడిగితిని. "ఓ, బాగుండాది" అనిరి. విప్పి చూడగా చిటికెనవ్రేలిప్రక్క ఎర్రని గీత. మరియొకటి తొడిగించితిని. "ఇదీ బాగుండాది." అదియు ఒరసినది. ఏ చెప్పైనను బాగుగనే యుండును! నిజమేగదా, చెప్పు సుఖముగా నున్నదో లేదో చెప్పవలసినది పాదము. ఆ పాదము మాటాడుట మానినది. మనమందరమును చెప్పులు కొనునప్పుడు నాలుగడుగులు వేసి, ఊ బాగున్నది యందుమే, ఆ నాలుగడుగుల సాక్ష్యము ఆమెకు లేదు. ఆమె సుఖము నేను కంటితో చూడవలసినదే గాని, ఆమె నడిగి తెలిసికొనునది గాదు.

తుదకు బస్టాండు చేరువ చెట్టుక్రింద కూర్చుండు చెప్పులుకుట్టువానియొద్దకు పోతిని. మా యాడబిడ్డ కుమారుని చెప్పొకటి, వైద్యుడు వ్రాసిన గుల్లరబ్బరు చెప్పొకటి, టైరుచెప్పొకటి ముందుపెట్టి, ఈ మూడింటిని ఒక్కటిగా చేయగలవా యని యడిగితిని. అతడు మూడును త్రిప్పి త్రిప్పి చూచి, "చీల లేకుండా టైరు అడుగు నిలిపేది కష్టమమ్మా, గాడి తీసి, ఆ గాడిలో దారం కుట్టల్ల. ఇప్పటి రేడియల్ టైరు వద్దు, లోపల ఇనుప తీగలుంటాయి, అరిగితే పైకొస్తాయి. పాత నైలాను టైరు వెతికి తెస్తా" అనెను. ఇంత చదివిన నాకు టైరులోని తీగల సంగతి తోచనేలేదు. బకులు ఇనుపవైనచో తుప్పుపట్టునని, పట్టీలకు అంటుడుబద్దలే వేయుదునని తానే చెప్పెను.

కొలతకు అత్తగారిని వెంటబెట్టుకొనిపోతిని. అచ్చట అసలు పేచీ మొదలైనది.

"ఇంట్లో వేసుకోమంటే వేసుకుంటా. బాటలో వేసుకోమంటే వేసుకుంటా. గంగమ్మతల్లి మీద చెప్పుకాలు పెట్టమంటే మాత్రం నాతో కాదు" అని అత్తగారు కాలు ముడుచుకొనిరి. మాది గంగజాతరల సీమ, నీరనగా తల్లి. అదిగాక ఆమె కోడలిగా వచ్చిన దినములలో మామగారు వీధియరుగుమీద నున్నచో చెప్పులు చేతబట్టుకొని ప్రక్కసందున ఇల్లు చేరెడివారట. విడుచుట మర్యాద, తొడుగుట అపరాధము, అరువదియేండ్ల అలవాటు.

చెప్పులుకుట్టువాడు తలయెత్తలేదు. కాగితము నేలమీద పరచుచు, "అమ్మా, ఎంగటేశ్వరస్వామి రేయంతా చెప్పులేసుకొని కొండదిగి అలివేలుమంగమ్మ దగ్గరికి పోయొస్తాడంటనే, అందుకేగదా మావాళ్ళు స్వామికి చెప్పులు కుట్టి ఇచ్చేది. అలిపిరిలో ఆ పాదాలు మీరు నెత్తిన పెట్టుకుంటారే! కొండలో ఎన్ని వంకలుండాయో, ఎన్ని వాగులుండాయో. దాటేటప్పుడంతా స్వామి విప్పి చేతిలో పట్టుకుంటాడంటారా?" అనెను.

అత్తగారికి నవ్వు వచ్చినది. "నోరుండాదిరా నీకు" అనిరి.

"ఇది తోలు కూడా కాదుగదమ్మా, రబ్బరే. తల్లికి మైల లేదు" అని, కొంత తడవాగి, అదే గొంతుకతో, "మా తాత ఊరందరికీ కుట్టినాడు. తాను కుట్టిన జతేసుకొని మీ వీధిలో నడిచింది లేదు. చేతిలో పట్టుకొనే పోయినాడు, నీళ్ళున్నా లేకున్నా" అనెను.

అందు కోపము లేదు. కాగితము ఎగిరిపోకుండ దానిమీద రాయి పెట్టుచు చెప్పిన మాట. అత్తగారు కొంతసేపు అతని చేతులవైపు చూచుచుండిరి. ఆ వీధి ఆమె యెరిగిన వీధియే. ఆ తాతను ఆమె చూచియే యుందురు. ఇరువురును ఇంకేమియు ననలేదు. ఆమె చీర కొంచెమెత్తి, పాదము కాగితముమీద పెట్టిరి. అతడు చీలమండ పట్టుకొని, సీసముకడ్డీని నిలువుగా పట్టి, చుట్టును గీత గీసెను. రెండు కాళ్ళకు వేఱువేఱుగా గీయవలెనట. ఎవరికిని రెండును సమానముగా నుండవట. చూడగా అత్తగారి కుడిపాదము ఎడమదానికంటె ధాన్యపుగింజంత పొడవుగా నున్నది.

వారము దినములకు జత తయారైనది. కూలియు సరకులును కలిసి 450 రూపాయలు. చూపునకు అందమైనవి గావు. మందముగా, నల్లగా, బండిచక్రపు తునుకలవలె నున్నవి. గీసిన కాగితముమీద చెప్పును పెట్టి చూచితిని; చుట్టును వ్రేలిమందము మిగిలియున్నది. ముల్లుపెట్టి బలముకొలది నొక్కితిని, ముల్లే విరిగినది. బకెట్టునీట ముంచి తీసి ఎండబెట్టితిని. పట్టీలు రెండు గంటలలో ఆరినవి. గుల్లరబ్బరులోని గాలిగదులు దేనికది మూసికొని యుండుటచే నీరు లోనికి పీల్చదు. వైద్యుడు చెప్పినట్లు మొదటినాడు అరగంట మాత్రము తొడిగించి, విప్పి, అరికాలును వ్రేళ్ళప్రక్కలను చూచితిని. మీగాలిమీద ఒకచోట ఎరుపు కనబడెను. మరల చెట్టుక్రిందికి పోయి ఆ పట్టీక్రింద మెత్తనిగుడ్డ వేయించితిని. రెండవనాడు గంట. మూడవనాడు రెండు గంటలు. పదినాళ్ళకు గాని వంకకు అనుమతి నీయలేదు. "పరీక్ష పాసయినానా?" అని అత్తగారు దినమును పరిహాసము చేయుచుండిరి.

మొదటిసారి వంక దాటినప్పుడు నేను వెంట నుంటిని. ఆవులు ముందు దిగినవి. అత్తగారు అలవాటుచొప్పున ఒడ్డున వంగి చెప్పుమీద చేయి వేసిరి, నావైపు చూచిరి, చేయి తీసిరి. వంగినందులకు ఊరకపోనేల యనుకొనిరో యేమో, గ్రుక్కెడు నీళ్ళు దోసిట తీసి కండ్ల కద్దుకొని, "తప్పైతే కాయి తల్లీ" అని దిగిరి. నడుమ ఒకచోట క్రిందనేదియో పటుక్కుమనినది. పెంకో, పుల్లయో, గుల్లయో తెలియదు. ఆమె ఆగకుండ పోయిరి.

ఇప్పుడు రాత్రి భోజనములైన పిదప అరికాళ్ళు చూచుట మా యింట నియమము. అత్తగారు గోడకానుకొని కాళ్ళు చాపుదురు. నేను దీపము పట్టుదును. నా కూతురు చేతి అద్దము క్రిందబెట్టి, "అవ్వా, నీ కాలిలో మా బడిలోని పటం మాదిరి నదులన్నీ ఉండాయి" అని చీలికలను చూపి నవ్వును. ఆ చీలికలకు కొబ్బరినూనె రాయుదును, వ్రేళ్ళసందులు మాత్రము విడిచి. చెప్పులను కడిగి గోడకు చేరవేయుట ఆమె పనియే. అంటుడుబద్దలలో మరులమాతంగి కాయలు చిక్కుకొని వచ్చుచున్నవి. వానిని ఒక్కొక్కటే ఏరుచు, ఈ కాయకును ఈ పట్టీకిని ఏదో చుట్టరికము ఉన్నట్లుండాదే యని ఆమె యనగా, నేను స్విట్జర్లాండు కుక్క కథ చెప్పితిని. నమ్మలేదు.

నెల క్రిందట వంక ఆవలి తోటలో పనిచేయు నామె, ఆమెయు షుగరుగలదే, ఈ చెప్పులను చూచి తనకును కావలెనన్నది. అత్తగారు పాత పంచాంగపు అట్ట చించి, ఆమెను దానిమీద నిలువబెట్టి, సీసముకడ్డీని నిలువుగా పట్టుకొని, తామే చుట్టును గీత గీసిరి. రెండు కాళ్ళకు వేఱువేఱుగా.